అంగీతోపాటు పుస్తకములు

ధ్యాన వాక్యభాగము: 2 తిమోతికి 4:9–21

చలికాలము రాకమునుపే తనయొద్దకు రమ్మని అపొస్తలుడైన పౌలు తిమోతిని వేడుకొనుచున్నాడు. రోమా చెరసాలలో ఆయన దాదాపు ఒంటరివాడైయున్నాడు. దేమా ఆయనను విడిచిపోయెను. తక్కినవారు వేర్వేరు ప్రాంతములకు వెళ్లిరి. లూకా మాత్రమే తోడుగా నిలిచెను. తన మరణము దూరమున లేదని ఆయన ఎరుగును. అట్టివాడు ఏమి కోరెను? త్రోయలో కర్పునొద్ద విడిచివచ్చిన అంగీని తెమ్మనెను. చలికి వణకు దేహమునకు అది కావలెను. దానితోపాటు పుస్తకములను, విశేషముగా చర్మపు కాగితములను తెమ్మనెను.

ఆ చర్మపు కాగితములలో ఏమి వ్రాయబడియుండెనో పౌలు చెప్పలేదు. చెప్పినదిమాత్రము చాలును. దమస్కు మార్గములో ప్రభువు స్వరమును విన్నవాడు, మూడవ ఆకాశమునకు కొనిపోబడినవాడు, తాను వ్రాసిన పత్రికలనే సంఘము లేఖనములుగా చదువబోవుచున్నవాడు, జీవితపు చివరి దినములలో సహితము చదువవలెనని కోరెను. ఇక బోధించుటకు సభలు లేవు; వాదించుటకు సమాజమందిరము లేదు; పరీక్షకు నిలుచునది ఒక్క న్యాయసభయెదుటనే. అయినను చదువవలెను. అంగీ లేక దేహము నిలువనట్లు, చదువు లేక తన ఆత్మ నిలువదని ఆయన ఎంచినట్లున్నది.

ఈ వాక్యభాగమును నేను వేదాంత విద్యార్థులకు అనేక పర్యాయములు బోధించియున్నాను. గ్రీకు పదములను విడదీసి వివరించియున్నాను. అయితే దాని భారము నాకు తెలిసినది తరగతి గదిలో కాదు, అండమాను దీవులలోని డాలీగంజ్‌లో, ఒక చిన్న ఇంటి వసారాలో.

డాలీగంజ్ పోర్ట్ బ్లెయిర్ పట్టణములోని ఒక పేట. ఆ పట్టణమునకు 2024లో శ్రీ విజయపురమను పేరు పెట్టబడెను. తెలుగు తీరమునుండి దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రము దాటినగాని ఆ దీవులు చేరము. అయినను 2011 జనాభా లెక్కల ప్రకారము అచ్చటి జనులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగే. వారిలో అనేకులు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి కూలికిని, చేపల వేటకును, కట్టడపు పనులకును వెళ్లి స్థిరపడినవారి సంతతివారు. నేను అతిథిగా దిగిన ఇంటి పెద్దమ్మగారు కూడ అట్టివారే. ఆమె భర్త తాపీమేస్త్రీ. ఆయన ప్రతి రాత్రియు పరిశుద్ధ గ్రంథమును బిగ్గరగా చదువుచుండగా, అక్షరము తెలియని ఆమె విని కంఠస్థము చేసికొనెడిది. ఆయన ప్రభువునందు నిద్రించి రెండు సంవత్సరములైనది. మనుమడు పదవ తరగతి చదువుచున్నాడు. హిందీని, ఇంగ్లీషును వేగముగా చదువును. ఇంట తెలుగు చక్కగా మాటలాడును. కాని తెలుగు అక్షరము ఎరుగడు.

“రాత్రి ప్రార్థనకు కూర్చొని గ్రంథము తెరచి ముందర పెట్టుకొందుమండి. ఒక పాట పాడుదుము. మరల మూసి గుడ్డలో చుట్టి పెట్టుదుము,” అని ఆమె నాతో చెప్పెను. ఆ మాటలో ఫిర్యాదు లేదు. అందుచేతనే అది నన్ను గుచ్చెను. తెరచిన గ్రంథము, చుట్టును ముగ్గురు విశ్వాసులు, చదువుటకు ఒక్కరును లేరు.

ఆ రాత్రి చదువుమని గ్రంథము నా చేతికిచ్చిరి. 121వ కీర్తన తీసితిని. మూడు దశాబ్దములు తర్జుమా పనిలో గడిపిన నాకు ఆ ఎనిమిది వచనములు ఎంతమాత్రము కొత్త కాదు. పరిచయముచేత వచ్చిన వేగముతో చదివి ముగించితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, ఎంతో మర్యాదగా, “అయ్యగారూ, నడుమ ఒక మాట విడిచిపోయినారండి. పగటి ఎండ, రాత్రి వెన్నెల మాట,” అనెను. చూచితిని. నిజమే, ఆరవ వచనమును దాటిపోయితిని. “ఆయన రోజంతయు ఎండలో పనిచేసినవారండి. ఆ మాటయొద్ద ఎప్పుడును కొంచెము ఆగెడివారు,” అని ఆమె చెప్పెను.

డాక్టరేటు పొందినవాడు విడిచిన వచనమును అక్షరము రాని విధవరాలు పట్టుకొనెను. ప్రియ పాఠకులారా, చదువు ఎందుకని ఈ సంవత్సరము ఎవరైనను నన్ను అడిగినయెడల, ఆ రాత్రి నేర్చుకొనినదే చెప్పగలను. దానిని మూడు సంగతులుగా మీ యెదుట ఉంచుచున్నాను.

మొదటి సంగతి: వ్రాయబడిన మాట నోటిమాట చేరలేని చోటికి చేరును. దేవుడు తన మాటను ప్రవక్తల నోట ఉంచెను. అంతటితో ఊరకుండక వ్రాయుమని కూడ ఆజ్ఞాపించెను. మాటలాడినవాడు మరణించును. గాలిలో కలిసిన స్వరము తిరిగి రాదు. వ్రాయబడినది సముద్రము దాటును, తరములు దాటును. తిమోతికి వ్రాయబడిన ఉత్తరము నేడు మన చేతిలోనున్నదనగా, దానిని ఎవరో దాచిరి, ఎవరో నకలు వ్రాసిరి, ఎవరో తర్జుమా చేసిరి.

మన తెలుగు గ్రంథపు చరిత్రయే దీనికి సాక్ష్యము. బెంజమిన్ షుల్జ్ అను జర్మను మిషనరీ మద్రాసులో ఉండి 18వ శతాబ్దపు తొలి భాగముననే బైబిలును తెలుగులోనికి తర్జుమా చేసెను. కాని అది అచ్చు కాలేదు. అంత ప్రయాసయు వ్రాతప్రతిగానే నిలిచిపోయెను. తెలుగు ఇల్లు దానిని చదువలేదు. తరువాత 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనువారు విశాఖపట్టణము చేరి తెలుగు నేర్చుకొని, ఆనందరాయరు అను విశ్వాసి సహాయముతో సువార్తలను తర్జుమా చేయసాగిరి. క్రాన్ 1809లోను, డెగ్రాంజెస్ 1810లోను మరణించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యెను. అచ్చు పుస్తకమును ఆ ఇద్దరిలో ఒకరును చేతపట్టి చూడలేదు. ఎవరో చదువుదురను విశ్వాసముతో విత్తి వెళ్లిపోయిరి.

ఆ విశాఖ తీరమునుండియే డాలీగంజ్ కుటుంబములనేకము ఓడ ఎక్కినవి. ఆలోచించుడి. సువార్త తెలుగు అక్షరములు ధరించిన తీరపు సంతానము, సముద్రము దాటిన తరువాత, ఆ అక్షరములను పోల్చలేకయున్నది. అచ్చు కాని షుల్జ్ ప్రతికిని, గుడ్డలో చుట్టబడిన అచ్చు పుస్తకమునకును భేదమేమి? అచ్చు లేక చదువబడనిది ఒకటి, అచ్చయ్యియు చదువబడనిది మరియొకటి. ప్రయాసపడినవారి దృష్టిలో రెండును ఒకటే నష్టము.

రెండవ సంగతి: వ్రాయబడిన మాట చదువరిని సరిదిద్దును. నేను విడిచిన వచనము పుస్తకములో నిలిచియున్నది గనుకనే నా తప్పు రుజువయ్యెను. మనము జ్ఞాపకముతోనే జీవించినయెడల, మనకు ఇష్టమైన మాటలు మిగులును, కష్టమైన మాటలు జారిపోవును. ఇతరుల నోటిమీదనే ఆధారపడినయెడల, వారు ఏది విడిచినను మనకు తెలియదు. బెరయలోనివారు పౌలు బోధను ఆసక్తితో అంగీకరించియు, ఆ సంగతులు అట్లున్నవో లేవో అని ప్రతిదినము లేఖనములను పరిశోధించిరి. లూకా వారిని నిందింపలేదు, ఘనులని మెచ్చుకొనెను. అపొస్తలుని బోధయే పరిశీలనకు నిలువవలసియుండగా, నా బోధ ఎంతటిది? నేటి సభలలో వినబడు గొప్ప స్వరములు ఎంతటివి? చదువని సంఘము మోసపోవుటకు సిద్ధముగా నున్న సంఘము.

అయితే చదువుకొన్నవారు అతిశయింపకుందురు గాక. ప్రభువు పరిసయ్యులను, యాజకులను, శాస్త్రులను, సద్దూకయ్యులను చూచి, మీరు దీనిని చదువలేదా అని పలుమారులు అడిగెను. మత్తయి సువార్తలో 12, 19, 21, 22 అధ్యాయములు చూడుడి. వారు చదువనివారా? బాల్యమునుండి ధర్మశాస్త్రమును వల్లించినవారే. చదివిరి గాని ఆ వచనముయొద్ద ఆగలేదు. తమ్మును ప్రశ్నించు మాటను దాటిపోవుటకు వారు అలవాటుపడిరి. డాలీగంజ్‌లో నేను చేసినదియు అదియే. ఎండలో పనిచేయనివాడనగుటచేత ఎండ మాట నాకు అడ్డము తగులలేదు. ప్రతి చదువరియు తన జీవితమునకు తగులని వచనమును దాటిపోవును. అందుచేతనే గ్రంథమును ఒంటరిగాను చదువవలెను, పదిమందితోను చదువవలెను. ఒకడు దాటిన మాటయొద్ద మరియొకడు ఆగును.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. అక్షరము రానివారు రక్షణకు దూరులా? ఎన్నటికిని కారు. మన సంఘచరిత్రయే దీనికి జవాబు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లియొద్ద 2,222 మంది ఒక్కదినముననే బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు తరతరములుగా చదువు నిరాకరింపబడినవారు. విని నమ్మిరి, నమ్మి రక్షింపబడిరి. కాని సంఘము వారిని అంతటితో విడువలేదు. పల్లెలలో బడులు పెట్టి, అక్షరము ముట్టరాదని త్రోయబడినవారి బిడ్డల చేతికి పలకనిచ్చెను. ఎందుకనగా, మరియొకడు చదివి వినిపించిననే గాని దేవుని మాట వినలేనివాడు ఇంకను మరియొకని చేతిలో ఉన్నాడు. మన తాతల చేతికి ఆ పలక వచ్చుటకు ఎంత వెల చెల్లినదో మరచితిమా?

మరియొక ప్రశ్న. నేడు ఫోనులోనే గ్రంథమంతయు తెలుగులో వినవచ్చును గదా, ఇక చదువెందుకు? అది దేవుడిచ్చిన మంచి ఈవియే. ఆ పెద్దమ్మగారికిని అట్టి ఏర్పాటు చేసి వచ్చితిని, ఆమె సంతోషించెను. కాని వినిపించు యంత్రము ఆ మేస్త్రీ ఆగినచోట ఆగదు. దాని నడక దానిదే. చదువువాడు ఆగగలడు, వెనుకకు పోగలడు, ముందు అధ్యాయముతో పోల్చగలడు, అర్థము కానిచోట వ్రేలుంచి దేవుని అడుగగలడు. ఐతియొపీయుడైన నపుంసకుడు రథములో యెషయా గ్రంథమును చదువుచు, ప్రవక్త ఎవనిగూర్చి పలికెనో తెలియక ఆ చోటనే నిలిచిపోయెను. ఆ నిలిచినచోటనే ఫిలిప్పు యేసును ప్రకటించుటకు మొదలుపెట్టెను. అర్థము కాని ఒక్క వచనముయొద్ద ఆగుటయే అతనికి రక్షణద్వారమాయెను.

మూడవ సంగతి: చదువు వెల పెట్టి సంపాదించుకొని, తరువాతివారికి అప్పగింపవలసిన ఆస్తి.

డాలీగంజ్‌కు కొన్ని కిలోమీటర్ల దూరముననే సెల్యులార్ జైలు ఉన్నది. 1896లో ఆరంభమై 1906లో ముగిసిన ఆ కట్టడములో, ఖైదీ ఖైదీని చూడకుండునట్లు ఒక్కొక్కరికి ఒక్కొక్క గది. సుమారు 13 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. 1933 మే నెలలో అచ్చటి రాజకీయ ఖైదీలు నిరాహారదీక్ష పూనిరి. వారి కోరికలలో తినదగిన ఆహారము ఒకటి, గదిలో దీపము ఒకటి, చదువుకొనుటకు పుస్తకములు, పత్రికలు ఒకటి. దీక్షను భగ్నము చేయుటకై అధికారులు బలవంతముగా ఆహారమెక్కించు ప్రయత్నములో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమదాస్, మోహిత్ మోయిత్ర అను ముగ్గురు ప్రాణములు విడిచిరి. 46 దినములు సాగిన ఆ దీక్ష తరువాత ఖైదీలకు దీపము లభించెను, పుస్తకములు లభించెను. వారు తమలో తాము తరగతులు నడుపుకొనిరి. ఆ గదుల ముందర నిలువబడినప్పుడు నాకు రోమా చెరసాల జ్ఞాపకము వచ్చెను. విశ్వాసములో మనకును వారిలో పలువురికిని భేదముండవచ్చును. కాని ఆకలిగొన్న మనుష్యుడు అన్నముతోపాటు దీపమును, పుస్తకమును అడిగెనను సాక్ష్యమునుబట్టి మనము సిగ్గుపడవలెను. మన యిండ్లలో దీపమున్నది, పుస్తకమున్నది, ఆకలి లేదు.

అదే దీవులలో మరియొక సాక్షి ఉన్నాడు. పోర్ట్ బ్లెయిరుకు దక్షిణమున దాదాపు 270 కిలోమీటర్ల దూరమునున్న కార్ నికోబార్‌లో 1884లో ఒక బాలుడు జన్మించెను. వేదప్పన్ సొలొమోను అను తమిళ ఉపదేశకుడు అచ్చట బడి నడుపుచు ఆ బాలుని చేరదీసెను. బాలుడు బర్మాలోని మాండలేలో చదివి, 1912లో తన దీవికే తిరిగివచ్చి ఉపాధ్యాయుడాయెను. అతడే జాన్ రిచర్డ్‌సన్. తన ప్రజల భాషలోనికి క్రొత్త నిబంధనను తర్జుమా చేసెను. 1942 మొదలు 1945 వరకు జపానువారి ఆక్రమణలో ఆ దీవి క్రైస్తవులనేకులు చంపబడిరి. ఆయన మరణపు అంచువరకు వెళ్లి మిగిలెను. 1950లో బిషప్పుగా అభిషేకింపబడి, 1952లో మొదటి లోక్‌సభకు నామినేటు చేయబడెను. ఇంతటి ఫలమునకు మొదటి విత్తనమేమి? పరభాషవాడైన ఒక ఉపదేశకుడు ఒక చిన్నవానికి అక్షరము నేర్పుట. సొలొమోను 1909లోనే మరణించెను. తన శిష్యుని పరిచర్యను చూడలేదు. అక్షరము నేర్పువాడు పంటను చూడకపోయినను విత్తనము వ్యర్థము కాదు.

ఇక డాలీగంజ్ వసారాకు మరలుదము. నేను అచ్చట ఇంకను రెండు రాత్రులుంటిని. ఆ చిన్నవానిని పిలిచి, “హిందీ వర్ణమాల చెప్పుము,” అంటిని. గడగడ చెప్పెను. అవే అచ్చులు, అవే హల్లులు, ఇంచుమించు అదే వరుస. “నీకు తెలుగు మాట వచ్చును, అక్షరముల వరుసయు వచ్చును. రూపములు మాత్రమే నేర్వవలెను,” అని కాగితముమీద హిందీ అక్షరము ప్రక్కన తెలుగు అక్షరము వ్రాసి యిచ్చితిని. మరుసటి రాత్రి అవ్వ 121వ కీర్తనను కంఠస్థముగా చెప్పుచుండగా, అతడు వ్రేలితో పంక్తివెంట పోయెను. ఆమెకు మాట తెలియును, అక్షరము తెలియదు. అతనికి అక్షరము తెలియవచ్చుచున్నది, మాట తెలియదు. ఇద్దరును కలిసి ఒక చదువరి యైరి.

మూడవ రాత్రి ఆ ఆరవ వచనము తానే చదువుదుననెను. ఒత్తులయొద్ద తడబడెను. ఒక పదమును మూడుమారులు తప్పు పలికెను. ఆమెకు ఆ వచనము నోటికి వచ్చును. అందించుటకు పెదవులు కదలినవి. కాని అందింపలేదు. కొంగు నోటికి అడ్డము పెట్టుకొని కనిపెట్టుకొనియుండెను. అతడు ముగించెను. ముగించినచోట, ఎవరును చెప్పకయే, కొంచెము ఆగెను. తాత ఆగినచోటు అదేనని అతనికి జ్ఞాపకమున్నదో లేదో నేనడుగలేదు.

పాఠకులారా, ఈ సంగతి ఒక్క డాలీగంజ్‌దే కాదు. బరంపురములో, ఖరగ్‌పూరులో, జంషెడ్‌పూరులో, సూరతులో, ముంబయిలో మన బిడ్డలు తెలుగు పాటలు పాడుదురు, తెలుగు గ్రంథము తెరవలేరు. తెలుగు రాష్ట్రములలోనే ఎన్నో ఇండ్లలో ఇదే స్థితి వచ్చుచున్నది. ఏ భాషలో చదివినను దేవుడు మాటలాడును. హిందీలోనో ఇంగ్లీషులోనో చదువు బిడ్డను నేను తప్పుపట్టను. కాని తల్లిదండ్రులు ఏ మాటలతో ప్రార్థించిరో, ఏ మాటలను చెప్పుకొని మరణించిరో, ఆ మాటలు బిడ్డకు మూతపడిన పుస్తకముగా నుండనియ్యకుడి.

కావున ఈ సంవత్సరము మీ యింట మూడు చిన్న పనులు చేయుడి. రాత్రి ప్రార్థనలో గ్రంథమును ఒక్కరే చదువక వంతులవారీగా చదువుడి. చిన్నవాని వంతు రెండు వచనములే కానియ్యుడి, తడబడినను తొందరపెట్టకుడి. చదివిన తరువాత ప్రతివాడును తాను ఆగిన మాట ఏదో చెప్పవలెను. ఆదివారపు బడి నడుపువారు పావుగంట అక్షరములకు ఏర్పరచుడి. మొదటి పాఠముగా బిడ్డలకు నోటికి వచ్చిన కీర్తననే ఉంచుడి. చదువు వచ్చినవారు వారమునకు ఒక్కమారు, కన్ను మందగించిన ఒక వృద్ధుని యింటికి వెళ్లి, ఆయన కోరిన అధ్యాయమును, ఒక్క వచనమును విడువక చదివి రండి.

నా విషయములో నేనొకటి నిశ్చయించుకొంటిని. తర్జుమా చేయుటకు కూర్చుండు ప్రతిదినము, పదమును సానపెట్టక మునుపు, ఆ వసారాను జ్ఞాపకము చేసికొందును. ఎవరు చదువుదురని తలంపక ముప్పది సంవత్సరములు పదములను దిద్దితిని. ప్రభువు నన్ను క్షమించుగాక.

ప్రార్థన: ప్రభువా, నీ మాట మాయొద్దకు చేర్చుటకు ప్రయాసపడి, ఫలము చూడక నిద్రించినవారికొరకు నీకు స్తోత్రము. చుట్టిపెట్టిన గ్రంథమును మా చేత విప్పించుము. మేము దాటిపోయిన వచనముయొద్దకు మమ్మును మరల నడిపించుము. తడబడుచు చదువు చిన్నవారియెదుట కనిపెట్టుకొనియుండు ఓర్పును మా పెద్దలకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.